సెలవులకు హాస్టల్లో మిగిలిపోయిన మేము చెప్పేది ఒకటుంది

 

గ్రూపులోని అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, పోస్టు పొడవుంటది. బస్సులో కూర్చున్నప్పుడో, రాత్రి అన్నం తిన్నాకనో తీరిగ్గా చదవండి. నాలుగు లైన్లు చూసి 'సూపర్ బ్రో' అని పెట్టి పోవద్దు.

ఈ రోజు ఆగస్టు 17, ఆదివారం. ఆలూరులో హాస్టల్ మిద్దె మీద కూర్చుని ఇది రాస్తున్నాం. టైపు చేసేది ఒకరే, మాటలు మాత్రం తొమ్మిది మందివి. అందుకే 'మేము' అంటున్నాం. మా తొమ్మిది మందిలో ఆరుగురు సుగాలీలం, ఇద్దరు ఎరుకలోళ్ళు, ఒకడు నల్లమల నుంచి వచ్చిన చెంచు తమ్ముడు. తొమ్మిది ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కిన మొదటోళ్ళం మేమే.

శుక్రవారం స్వాతంత్ర్య దినం, శనివారం కృష్ణాష్టమి, ఆదివారం ఎట్లా సెలవే. మూడు రోజులు ఒక్కసారి కలిసొచ్చినాయి. జెండా వందనం అయి మిఠాయి పంచేసరికి తొమ్మిదిన్నర. పదకొండుకల్లా హాస్టల్ ఖాళీ. బ్యాగులు, బకెట్లు, ఉతకాల్సిన బట్టల మూటలు అన్నీ బస్టాండు దారి పట్టినాయి. మేము కూడా దోస్తులను ఎక్కించి రావడానికి పోయినాం. అక్కడ ఒక తమాషా. ఆ సాయంత్రం నుంచే స్త్రీ శక్తి పథకం మొదలు, ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ జీరో టికెట్. పొద్దున్నే పోవాల్సిన చెల్లెళ్ళు కొందరు సాయంత్రం దాకా ఆగి మరీ పోయినారు. కొందరి తండాల్లో తీజ్ ముగిసే రోజులు కూడా ఇవే, ఇంట్లో ఎదురుచూస్తుంటారు. మావోడు ఒకడు 'వాళ్ళకు స్త్రీ శక్తి, మనకు నడిచే శక్తి' అన్నాడు. దేవనకొండ వైపు పోయే చెల్లెలు ఊరుకోలేదు. 'బస్సు ఫ్రీ కరెక్టే అన్నా, మా తండాకు బస్సే రాదు కదా. రోడ్డు మీద దిగి మూడు కిలోమీటర్లు నడవాల్సిందే. ఆ నడిచే శక్తి కూడా మాదే' అంది. ఆ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత మల్ల వస్తది.

మేము తొమ్మిది మంది ఎందుకు మిగిలినాం అంటే, నలుగురికి ఇంటికి తాళం. అమ్మానాన్నలు బెంగళూరులో బిల్డింగ్ పనుల్లో ఉన్నారు. తండాకు పోతే అరుగు మీద కూర్చుని రావాల. చెంచు తమ్ముడికి ఇల్లు ఆత్మకూరు అవతల, పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు, ఇక ఉండేదెప్పుడు? ఇద్దరికి ఇంట్లోవాళ్ళే చెప్పినారు, 'వచ్చి పోయే చార్జీలతో నెల రోజులు సబ్బు, నూనె వస్తాయి, దసరాకు రా' అని. ఒకడు నాన్నతో మాటల్లేక పోలేదు. ఇంకొకడు పోలీసు ఉద్యోగానికి చదువుతున్నాడు, మూడు రోజులు తప్పితే మల్ల మనసు కుదరదని భయం.

సెలవుల్లో హాస్టల్ ఎట్లుంటదో ఉన్నోళ్ళకే తెలుసు. ఎనభై మంది తిరిగే వరండాలో తొమ్మిది జతల చెప్పులు. కుళాయి కారే చప్పుడు రెండో గది దాకా వినిపిస్తది. మామూలు రోజుల్లో నీళ్ళ కోసం కొట్లాట, అన్నం లైనులో తోపులాట, ఎవడి చార్జర్ ఎవడు తీసినాడని పంచాయితీ. వాటి మధ్య చిన్న చిన్న బాధలు మనసుకు ఆనవు. సెలవు రోజు అవే వచ్చి మంచం మీద పక్కన పడుకుంటాయి.

మాకు వచ్చినవి చెప్తాం, నవ్వుకోండి. వంట తగ్గింది. తగ్గాల్సిందే, తొమ్మిది మందికి ఎనభై మంది వంట చేయరు కదా. అయినా చికెన్ లేదని ఒకడు మధ్యాహ్నమంతా మొహం మాడ్చుకున్నాడు. రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీ పదింటికే అయిపోయింది. క్లాసులో మాతో కూర్చునేవాళ్ళు హోస్పేట పోయి టీబీ డ్యామ్ దగ్గర ఫోటోలు పెట్టినారు, మమ్మల్ని పిలవలేదు. పిలిస్తే పోయేవాళ్ళమా? పోయేవాళ్ళం కాదు, డబ్బులెక్కడివి. కానీ పిలవలేదన్నది మాత్రం రాత్రి దాకా గుచ్చింది. ఒకడు ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్కాలర్‌షిప్ పడిందేమోనని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడటం అలవాటైపోయింది, బ్యాంకుకు కూడా సెలవని తెలిసి కూడా.

ఇంతవరకు అందరికీ ఉండేదే. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఇంకొకటి జరిగింది.

మాలో ఒకడు, పేరు వద్దు, ట్రంకు పెట్టె సర్దుకున్నాడు. అలికిడి లేకుండా, దుప్పటి కూడా మడతపెట్టి. ఎక్కడికిరా అంటే బెంగళూరు, మామ దగ్గర సెంట్రింగ్ పనికి. రాత్రి గుంతకల్లు పోయి రైలు ఎక్కుతానన్నాడు. ఎప్పుడొస్తావు అంటే జవాబు లేదు. అంటే రాడని అర్థం. మాకు తెలుసు, పోయినేడు ఇట్లే పోయినోళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు కూడా 'నెల రోజులు' అనే పోయినారు.

కారణం ఏమంటే రెండు సబ్జెక్టులు పోయినాయి, అందులో ఒకటి ఇంగ్లీషు. ఫలితాలు వచ్చి చాలా రోజులైంది, మాతో కలిసి నవ్వుతూనే తిరిగినాడు. ఆ పూట టీబీ డ్యామ్ ఫోటోలు చూసినాడు. బాపుకు ఫోన్ చేస్తే పని మీద ఉండి ఎత్తలేదు. అన్నంలోకి పులుసు నీళ్ళగా ఉంది. ఇవేవీ కారణాలు కావు. కానీ ఆ రెండు సబ్జెక్టుల మీద ఇవన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి.

మేము ఏం చేసినాం? అందరూ చేసేదే చేసినాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది గాని, నిజం రాయాలనుకున్నాం కాబట్టి రాస్తున్నాం.

మొదట 'ఇంత చిన్నదానికా?' అన్నాం. తర్వాత 'మన అమ్మానాన్నలు పడే కష్టం ముందు నీదొక కష్టమా? సుగ్గికి పోయి గుంటూరు చేన్లలో మిరపకాయలు తెంపేటోళ్ళ చేతులు చూసినావా?' అన్నాం. దానికీ కదలకపోతే రాష్ట్రపతిని తెచ్చినాం. ముందు రోజు, 14 రాత్రే, టీవీలో ఆమె ప్రసంగం చూసినాం. 'ద్రౌపది ముర్ము గారిని చూడు, సంతాల్ ఇంట్లో పుట్టి, వాళ్ళ ఊరి నుంచి కాలేజీకి పోయిన మొదటి ఆడపిల్ల, భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకుని కూడా రాష్ట్రపతి అయింది, నువ్వు రెండు సబ్జెక్టులకే పెట్టె సర్దుతావా' అని.

వాడు అంతా విన్నాడు. విని ఒక్కటే మాటన్నాడు. 'మా యాడి చేతులు తలుచుకుంటేనే పోవాలనిపిస్తాంది. ఆమె మంటలో తెంపిన కాయల డబ్బులతో నేను ఫెయిలయినా. మీరు తగ్గిస్తున్నారనుకుంటాండారు, పెంచుతాండారు.'

మా నోట మాట రాలేదు.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటే. చిన్న నిరాశను పెద్ద కష్టం పక్కన పెడితే అది చిన్నగా కనిపిస్తదని మనందరం అనుకుంటాం. మన సభల్లో పెద్దలు అదే చెప్తారు, మన స్టేటస్‌లలో అదే ఉంటది. కానీ తొలిసారి కాలేజీకి వచ్చినోడి దగ్గర ఆ లెక్క తిరగబడతది. వాడికి అమ్మ కష్టం పోలిక కాదు, అప్పు. పక్కన పెట్టినకొద్దీ వడ్డీ పెరుగుతది. ఫెయిలయిన బాధకు తోడు, ఫెయిలయినందుకు బాధపడుతున్నానే అనే సిగ్గు కూడా వచ్చి చేరుతది. ఇంజనీరు కొడుకు సబ్జెక్టు పోగొట్టుకుంటే సబ్జెక్టు పోతది. మనోడు పోగొట్టుకుంటే ఇల్లంతా ఓడిపోయినట్టు అనుకుంటాడు.

ముర్ము గారి సంగతి కూడా మేము సగమే చెప్పినాం. స్టేటస్‌లలో ఊరి బడి ఒక ఫోటో, రాష్ట్రపతి భవన్ ఒక ఫోటో, మధ్యలో ఏమీ ఉండదు. ఆమె ఒడిశాలో మొదట ఆఫీసులో చిన్న ఉద్యోగం చేసింది, తర్వాత బళ్ళో పాఠం చెప్పింది. 2009లో మయూర్‌భంజ్ నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయింది. 2014లో రాయ్‌రంగ్‌పూర్‌లో అసెంబ్లీకి నిలబడి మల్లా ఓడిపోయింది. ఓడిపోయిన మర్నాడు పొద్దున ఏం చేసిందో, ఎవరితో మాట్లాడిందో ఎవరూ స్టేటస్ పెట్టరు. మాకు పనికొచ్చేది ఆ మర్నాడు పొద్దునే. రాష్ట్రపతి భవన్ మా మావోడికి ఆ రాత్రి ఎందుకూ పనికిరాలేదు.

తర్వాత ఎవరూ ఏమీ ఉపదేశం చెయ్యలేదు. చెప్పనీకి ఏమీ మిగల్లేదు. గుంతకల్లు బస్సు వెళ్ళిపోయే టైము దాకా ఊరికే కూర్చున్నాం. తుగ్గలి వైపు నుంచి వచ్చిన మావోడు వజ్రాల సంగతి ఎత్తినాడు, టాపిక్ మార్చడానికే.

మీకు తెలిసిందే. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేన్లలో జనం వజ్రాల కోసం వెతుకుతారు. మన జిల్లా వాళ్ళే కాదు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద, గుళ్ళ దగ్గర పడుకుని మరీ వెతుకుతారు. వీడి అవ్వ కూడా ఏటా పోతది. సద్దిమూట కట్టుకుని పొద్దున పోయి, నడుము వంచి, వాన కడిగిన గులకరాళ్ళను ఒక్కొక్కటే చూసుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరతది. ఇన్నేళ్ళల్లో ఆమెకు ఒక్కటీ దొరకలేదు. ఏమైంది అవ్వా అంటే 'ఈ పొద్దు లేదు' అంటది. 'నాకు లేదు' అని ఏ పొద్దూ అనలేదంట.

వాడు అక్కడితో ఆపలేదు, అదే మాకు నచ్చింది. 'దీన్ని గొప్పగా చెప్పకండప్పా. మా చిన్నాయన ఇట్లే దొరుకుతది దొరుకుతదని కూలి మానుకుని మూడేళ్ళు తిరిగి అప్పులపాలయినాడు. అవ్వ ఎందుకు పాడవలేదంటే ఆమె ఏ చేను ఏ సాలు దాకా చూసిందో గుర్తు పెట్టుకుంటది. వాన తగ్గి నేల ఆరితే ఇక పోదు, కలుపు పనికి పోతది.' అంటే ఆశ ఎంత ఉందో లెక్క కూడా అంతే ఉంది.

ట్రంకు పెట్టె పక్కనున్నోడు అప్పుడు మొదటిసారి నోరు తెరిచినాడు. 'నాకు లెక్కే తెలియదు. రెండు పోతే ఏమైతదో ఎవరు చెప్పినారు నాకు?'

నిజమే కదా. మన ఇళ్ళల్లో ఎవరికి తెలుసు? మన అమ్మానాన్నలకు తెలిసిన పరీక్ష పదో తరగతి ఒక్కటే. అందులో పోతే పోయినట్టే అనుకుని చాలామంది గొడ్ల వెంట పోయినారు. బ్యాక్‌లాగ్ అనే మాటకు మన తండాలో అర్థం లేదు. మా కాలేజీలో సెమిస్టర్‌లో పోయిన పేపర్ మల్ల రాసుకోవచ్చు, పై సెమిస్టర్ క్లాసులకు పోతూనే. దానికి ఫీజు ఉంటది, ఆఖరు తేదీ ఉంటది. అంతే. ఈ సంగతి రెండేళ్ళు చదివినా వాడికి సరిగ్గా తెలియదు. అడగాలంటే సిగ్గు, ఫెయిలయినానని చెప్పుకోవాల కదా. మాకు కూడా సగం సగమే తెలుసు, శనివారం సీనియర్ అన్నకు ఫోన్ చేసి పూర్తిగా తెలుసుకున్నాం. మీ కాలేజీల్లో రూలు వేరే ఉండొచ్చు, మీ ఆఫీసులో అడగండి. అందరి ముందు కాకపోతే మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు అడగండి, కానీ అడగండి.

శనివారం పొద్దున వాడి బాపు తిరిగి ఫోన్ చేసినాడు. వాడు మాట్లాడలేక ఫోన్ మా చేతికిచ్చినాడు. మాలో ఒకడు గోర్ బోలిలో చెప్పడం మొదలుపెట్టినాడు. సెమిస్టర్, బ్యాక్‌లాగ్ అంటే ఆయనకు తెలియదు. చివరికి ఇట్ల చెప్పినాడు. 'బాపూ, పత్తి విత్తినాక చేను మధ్యలో రెండు చోట్ల మొలక రాకపోతే ఏం చేస్తావు?' ఆయన 'అక్కడ మల్ల గింజ నాటుతా' అన్నాడు. 'చేను వదిలేసి పోతావా?' 'ఎవడన్నా రెండు చోట్ల కోసం చేను వదులుతాడా?' 'మీవాడికి రెండు చోట్ల మొలక రాలేదు బాపూ, అంతే.' ఆయన కాసేపు ఏమీ అనలేదు. అవతల మిక్సర్ తిరిగే చప్పుడు. తర్వాత 'గింజలకు ఎంతవుతది?' అన్నాడు. ఫీజు అడుగుతున్నాడని మాకు అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది.

అందరి ఇళ్ళల్లో ఇట్లా జరగదని మాకు తెలుసు. తిట్టే నాన్నలు ఉంటారు, మాలోనే ఒకరికి ఉన్నాడు. కానీ చెప్పకముందే తిట్టు తగిలినట్టు మనమే ముందుగా కుంగిపోతున్నాం.

ఆ మధ్యాహ్నం నోట్‌బుక్ తీసుకుని తొమ్మిది మందికీ ఏవేవి బాధలో అన్నీ రాసినాం. ఎగతాళి చేయకూడదని రూలు. చికెన్ కూడా రాసినాం. పెద్ద పేజీ నిండింది. చూస్తే సగానికి పైగా సోమవారానికి ఉండవు. డేటా, కూర, ఫోటోలు, ఎత్తని ఫోన్. అవి అబద్ధం అని కాదు, గుచ్చినాయి, నిజమే. కాకపోతే వాటి బతుకు మూడు రోజులు. కొన్నింటికి తేదీ ఉంది, ఫారం ఉంది, ఫీజు ఉంది. వాటికి బాధపడటం కంటే తిరగడం ఎక్కువ అవసరం.

మిగిలినవి చూసినప్పుడు మాకే మాటల్లో తేడా వచ్చింది. స్కాలర్‌షిప్ ఆలస్యం. ఇంటికి తాళం. బస్సు రాని తండా. వీటి గురించి ఒకడు 'ఇవి కూడా వదిలెయ్యండప్పా, మన బతుకులు ఇంతేలే' అన్నాడు. పోలీసు ఉద్యోగానికి చదివే మావోడికి కోపం వచ్చింది. ఎందుకంటే ఆ ఉద్యోగాల సంగతి వాడికి బాగా తెలుసు. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది 2022 నవంబరులో. ప్రిలిమ్స్ 2023 జనవరిలో. తుది ఫలితాలు వచ్చింది 2025 ఆగస్టు 1న. రెండున్నరేళ్ళు దాటింది. మా హాస్టల్ సీనియర్ ఒకన్న ఆ మధ్యలో పెళ్ళి చేసుకున్నాడు, కొడుకు పుట్టినాడు, ఆ పిల్లోడు నడుస్తాండాడు, ఫలితం మాత్రం రాలేదు. చివరికి వస్తే ఆయన పేరు లేదు. 'ఉద్యోగం రాకపోవడం ఆయన నిరాశ, దాన్ని ఆయన దిగమింగుకుంటాడు. రెండున్నరేళ్ళ ఆలస్యం ఆయన నిరాశ కాదు. దాన్ని కూడా ఆయన్నే దిగమింగమంటారా?' అని అడిగినాడు మావోడు.

దీని మీద మేము చాలాసేపు వాదించుకున్నాం. మా అభిప్రాయం చెప్తాం, గ్రూపులో ఒప్పుకోనోళ్ళు ఉంటే రాయండి. చిన్నవాటిని పెద్దవి చేసుకుని మంచం పట్టడం ఒక తప్పు. మనకు అంతకంటే పాత అలవాటు ఇంకొకటుంది, పెద్దవాటిని చిన్నవి చేసుకుని తల వంచుకోవడం. 'సర్దుకుపోండి' అనే మాట మనకు ఎవరు ఎక్కువ చెప్తారో గమనించండి. కూర సంగతిలో సర్దుకుపోతాం. తండాకు బస్సు సంగతిలో ఎందుకు సర్దుకుపోవాల? ఇంటికి తాళం పడటం మన అమ్మానాన్నల సరదా కాదు. వేదవతి పక్కనే పారుతున్నా మన చేన్లు వాన మొహం చూస్తూ ఉంటాయి, వాన తప్పితే సుగ్గి బాట. ఈ బాధను తలగడలో దాచుకుంటే మనం ఒక్కొక్కరం ఒంటరిగా బాధపడతాం, అంతే. అది పది మంది సంతకాలతో కాగితం మీదికి పోవాల్సిన బాధ.

అందుకే రాత్రి ఒక అర్జీ రాసినాం. పెద్దదేమీ కాదు. దేవనకొండ వైపు చెల్లెలు చెప్పింది గుర్తుంది కదా, తండాలో బస్సు ఆగే ఏర్పాటు గురించి. చెల్లెలికి ఫోన్ చేసి దూరం, ఎంతమంది ఆడపిల్లలు నడుస్తారు, సాయంత్రం ఎన్నింటికి చీకటి పడుతుంది అన్నీ అడిగి రాసుకున్నాం. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తాం. ఇస్తే రేపే బస్సు వస్తదా? రాదు. రసీదు నంబరు వస్తది. ఆ నంబరు గ్రూపులో పెడతాం, అందరూ దాచుకోండి. అవ్వ ఏ చేను ఏ సాలు దాకా చూసిందో గుర్తు పెట్టుకున్నట్టు.

శనివారం సాయంత్రం ఊర్లో ఉట్టి కొట్టే దగ్గరికి పోయినాం. తలా ఇరవై రూపాయలు వేసుకుని బొరుగులు, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు తెచ్చినాం. ఉల్లి రేటు దిగిపోయింది, మాకు అగ్గువకు వచ్చింది. సంచిలో వేసుకుంటూ ఒకడు 'మా పెదనాయన చేన్లో ఉల్లే ఉంది రా' అన్నాడు, ఇక ఎవరూ అగ్గువ అనే మాట ఎత్తలేదు. వంట చేసే అక్క పొయ్యి వాడుకోనిచ్చింది, ఎసట్లో పసుపు ఎక్కువైందని తిట్టి తనే వచ్చి కలిపింది. ఉగ్గాని మేం చేసినాం, బజ్జీలు బండి మీద కొన్నాం. తొమ్మిది మందికి సరిపోలేదు. చికెన్ కోసం మొహం మాడ్చుకున్నోడే అందరికంటే ఎక్కువ తిన్నాడు.

ఇంకొక్క సంగతి, ఇది సీరియస్‌గా చదవండి. సెలవుల్లో మీ హాస్టల్లో ఎవరు మిగిలిపోతున్నారో ఒకసారి చూడండి. ఇంటికి పోయేవాళ్ళు బస్సెక్కే ముందు ఒక్క నిమిషం ఆ గదుల్లోకి తొంగి చూసి రండి. ఎవరన్నా అలికిడి లేకుండా సామాన్లు సర్దుతున్నా, ఉన్న వస్తువులు పంచిపెడుతున్నా, రెండు రోజులుగా అన్నానికి రాకపోతున్నా ఒంటరిగా వదలొద్దు. మాట్లాడటం రాకపోతే పక్కన కూర్చోండి, మేము చేసింది అదే. మన చేతిలో లేదనిపిస్తే 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పోయినేడు మా దగ్గర నుంచి ఇద్దరు పోయినప్పుడు మేము టీవీ చూస్తూ ఉన్నాం. వాళ్ళు ఇప్పుడు పనిలో ఉన్నారు, బాగానే ఉన్నారు, ఫోన్ చేస్తే మాట్లాడతారు. చదువు సంగతి మాత్రం వాళ్ళూ ఎత్తరు, మేమూ ఎత్తం.

మావోడి ట్రంకు పెట్టె ఇంకా సర్దే ఉంది. విప్పమని మేము అడగలేదు. దువ్వెన, సబ్బు, ఇంగ్లీషు పుస్తకం మాత్రం బయటికి వచ్చినాయి. ఫీజు కట్టే తేదీ దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత సంగతి వాడిష్టం. బాపు డబ్బులు పంపినాడు, అందులో కొంత తక్కువ పడితే మేము వేస్తాం, అది గ్రూపులో అడగడానికి ఈ పోస్టు పెట్టలేదు.

అడిగేది వేరే ఉంది. రెండో సెమిస్టర్ ఇంగ్లీషు పాత ప్రశ్నపత్రాలు ఎవరి దగ్గరన్నా ఉంటే పెట్టండి. నోట్సు ఉంటే ఇంకా మంచిది. ఫోటో వెలుతురులో తీయండి దయచేసి, పోయినసారి ఎవరో అన్న పెట్టినవి చదవనీకి రాలేదు, సగం పేజీ మీద వాళ్ళ బొటనవేలే ఉంది.